సోర్స్ నుంచి కంపైల్ చేసిన గ్నూపీజీ మొరాయిస్తే ఎక్కడ వెతకాలి, ఎలా సరిచేయాలి

మేక్ ఇన్‌స్టాల్ ఒక్క ఎర్రర్ లేకుండా ముగిసింది. వెర్షన్ అడిగితే కొత్త నంబరే చూపిస్తోంది. తీరా ఒక ఫైల్‌కి సంతకం పెట్టబోతే ‘సర్వర్ జీపీజీ-ఏజెంట్ ఈజ్ ఓల్డర్ దేన్ అజ్’ అని హెచ్చరిక, లేదంటే ‘నో పిన్‌ఎంట్రీ’ అని మొండిచెయ్యి. ఫైళ్లను, సందేశాలను ఎన్‌క్రిప్ట్ చేయడానికి, వాటికి డిజిటల్ సంతకం పెట్టడానికి వాడే గ్నూపీజీని సొంతంగా కంపైల్ చేసుకున్నవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. కంపైల్ దశలో వచ్చే తప్పులు గోల చేసి ఆగిపోతాయి కాబట్టి దొరికిపోతాయి. ఆ తర్వాత వచ్చేవి అలా కాదు. డెస్క్‌టాప్‌లో అప్పటికే ఉన్న పాత గ్నూపీజీ, మీరు కట్టిన కొత్తది ఒకే ఇంట్లో కాపురం పెట్టి, ఒకదాని గిన్నెలు ఇంకొకటి వాడుకోవడం వల్ల పుట్టే తగాదాలవి. ఏ గిన్నె ఎవరిదో తేల్చగలిగితే ముప్పాతిక వంతు సమస్యలు తీరినట్టే.

ఇక్కడి వివరాలు డెబియన్, ఉబుంటు డెస్క్‌టాప్‌లకు, గ్నూపీజీ 2.4 వరుసకు సరిపోతాయి. ఆదేశాలను పలికినట్టే తెలుగులో రాశాం, టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోవాలి. వేరియబుల్స్ పేర్లు మాత్రం పెద్ద అక్షరాల్లో, వాటి మధ్య గీత అండర్‌స్కోర్. ‘జీపీజీ’ అంటే మూడక్షరాల ఆదేశం. ‘గ్నూపీజీ’ అంటే అయిదక్షరాల పేరు, మీ హోమ్ ఫోల్డర్‌లో ముందు చుక్కతో ఉండే డైరెక్టరీ పేరు కూడా అదే.

## ముందు కీస్ భద్రం చేసుకోండి

కొత్త వెర్షన్ మీ పాత కీ డైరెక్టరీనే తెరుస్తుంది, కొన్ని ఫైళ్ల రూపం మారుస్తుంది. అందుకే ముందు గ్నూపీజీ వెనకాల నడిపే సర్వర్లన్నిటినీ (ఏజెంట్ లాంటివి) ఆపి, ఆ డైరెక్టరీ మొత్తాన్ని టార్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

జీపీజీకాన్ఫ్ --కిల్ ఆల్

దాంతోపాటు --ఎక్స్‌పోర్ట్-సీక్రెట్-కీస్‌తో రహస్య కీని, --ఎక్స్‌పోర్ట్-ఓనర్‌ట్రస్ట్‌తో నమ్మకాల పట్టికను విడిగా తీసుకోండి. క్లౌడ్‌లో మాత్రం పెట్టకండి.

సిస్టమ్‌తో వచ్చిన గ్నూపీజీని తీసేసి కొత్తది పెట్టాలనే ఆలోచన చాలామందికి వస్తుంది. మానుకోండి. డెబియన్, ఉబుంటుల్లో చాలా వెర్షన్లలో ఏపీటీ తన ప్యాకేజీల సంతకాలను సరిచూసుకునేది జీపీజీవీ అనే చిన్న ప్రోగ్రామ్‌తో. దాన్ని పీకితే రేపు అప్‌డేట్లే ఆగిపోవచ్చు. పైగా డౌన్‌లోడ్ చేసిన సోర్స్ అసలుదో కాదో తేల్చాల్సింది కూడా ఆ పాత జీపీజీయే.

సోర్స్ టార్‌బాల్‌తో పాటు డాట్ సిగ్ ఫైల్ కూడా దించుకుని --వెరిఫై చేయండి. ‘కాంట్ చెక్ సిగ్నేచర్: నో పబ్లిక్ కీ’ అంటే విడుదలలపై సంతకం చేసేవారి కీ మీ దగ్గర లేదని మాత్రమే. గ్నూపీజీ వెబ్‌సైట్‌లో ఉన్న కీల ఫైల్‌ను ఇంపోర్ట్ చేసుకుని మళ్లీ చూడండి. ‘గుడ్ సిగ్నేచర్’ కింద ‘దిస్ కీ ఈజ్ నాట్ సర్టిఫైడ్’ అని వస్తే కంగారు పడనక్కర్లేదు, ఆ కీని మీరింకా ధ్రువీకరించలేదని దానర్థం. కీ వేలిముద్రను (ఫింగర్‌ప్రింట్) మాత్రం సైట్‌లో ఉన్నదానితో అక్షరం అక్షరం పోల్చుకోండి. ‘బ్యాడ్ సిగ్నేచర్’ వస్తే ఫైల్‌ను తీసేసి మళ్లీ దించండి. దానితో ముందుకు వెళ్లొద్దు.

## ఏ వరుసలో కట్టాలి, ఎక్కడ పెట్టాలి

గ్నూపీజీ ఒంటరిగా కట్టుకునేది కాదు. దాని కింద అయిదు లైబ్రరీలు ఉంటాయి, వాటికీ ఒక వరుస ఉంది. ముందు లిబ్‌జీపీజీ-ఎర్రర్, దాని మీద ఆధారపడే లిబ్‌జీక్రిప్ట్, లిబ్‌అసువాన్, లిబ్‌కేఎస్‌బీఏ, విడిగా ఎన్‌పీటీహెచ్. ఈ అయిదూ అయ్యాక గ్నూపీజీ. 2.4 వరుసకు లిబ్‌జీక్రిప్ట్ కనీసం 1.9.1 కావాలి. 2021 జనవరిలో 1.9.0 వచ్చిన కొద్ది రోజులకే అందులో హీప్ ఓవర్‌ఫ్లో లోపం బయటపడింది, 1.9.1 దాన్ని సరిదిద్దింది.

ఇవన్నీ ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలన్నదే అసలు నిర్ణయం. ఏమీ చెప్పకపోతే /యూఎస్ఆర్/లోకల్‌లోకి వెళ్తాయి. దాంతో ఒక చిక్కు ఉంది. డెబియన్‌లో, ప్రోగ్రాములకు లైబ్రరీలు వెతికిపెట్టే లోడర్ /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌ను సిస్టమ్ లైబ్రరీల కంటే ముందు చూస్తుంది. 1.6 నుంచి లిబ్‌జీక్రిప్ట్ షేర్డ్ లైబ్రరీ పేరు మారలేదు, ఇప్పటికీ డాట్ ఎస్ఓ డాట్ 20 యే. అంటే ఎల్‌డీకాన్ఫిగ్ (లోడర్ జాబితాను తాజా చేసే ఆదేశం) కొట్టిన క్షణం నుంచి మీరు కట్టిన లిబ్‌జీక్రిప్ట్‌ను మీ జీపీజీ ఒక్కటే కాదు, డెస్క్‌టాప్‌లో ఆ లైబ్రరీ వాడే ప్రతి ప్రోగ్రామూ ఎత్తుకుంటుంది. మీ బిల్డ్‌లో ఏదైనా తేడా ఉంటే సంబంధం లేని చోట ఇంకేదో కూలుతుంది, మీకు కారణం కూడా తట్టదు.

కాబట్టి /ఆప్ట్/గ్నూపీజీ అని విడి చోటు ఇవ్వండి, లైబ్రరీల దారిని బైనరీలోనే రాసేయండి. ప్రతి ప్యాకేజీకీ కాన్ఫిగర్ ఇలా:

./కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=/ఆప్ట్/గ్నూపీజీ ఎల్‌డీఫ్లాగ్స్="-డబ్ల్యూఎల్,-ఆర్‌పాత్,/ఆప్ట్/గ్నూపీజీ/లిబ్"

ఇందులో ఎల్‌డీఫ్లాగ్స్ పేరు, డబ్ల్యూ మాత్రం పెద్ద అక్షరాలు. ‘ప్రతి ప్యాకేజీకీ’ అన్నది మొక్కుబడి మాట కాదు. ఇప్పటి డెబియన్, ఉబుంటుల్లో ఈ ఫ్లాగ్ బైనరీలో రన్‌పాత్‌గా పడుతుంది. రన్‌పాత్ ఆ ఫైల్ నేరుగా అడిగే లైబ్రరీలకే వర్తిస్తుంది, ఆ లైబ్రరీలు అడిగే లైబ్రరీలకు పాకదు. జీపీజీకి ఒక్కదానికే ఇచ్చి లిబ్‌జీక్రిప్ట్‌కి మరిచిపోతే, లిబ్‌జీక్రిప్ట్ తనకు కావాల్సిన లిబ్‌జీపీజీ-ఎర్రర్ కోసం మళ్లీ సిస్టమ్ దారిలోనే వెతుకుతుంది.

మొదటి లైబ్రరీ ఇన్‌స్టాల్ కాగానే అదే టెర్మినల్‌లో పాత్ వేరియబుల్ ముందు /ఆప్ట్/గ్నూపీజీ/బిన్ చేర్చండి. జీపీజీఆర్‌టీ-కాన్ఫిగ్ అనే చిన్న స్క్రిప్ట్ అక్కడే ఉంటుంది, మిగతా ప్యాకేజీల కాన్ఫిగర్‌లు లైబ్రరీలను కనుక్కునేది దాని ద్వారానే. కాన్ఫిగర్, మేక్ రెండూ మామూలు యూజర్‌గా, మేక్ ఇన్‌స్టాల్ ఒక్కటే సుడోతో.

ఇంత ఓపిక లేదనుకుంటే టార్‌బాల్‌లోనే స్పీడో అనే మేక్‌ఫైల్ ఉంది. మేక్ -ఎఫ్ బిల్డ్-ఆక్స్/స్పీడో.ఎంకే నేటివ్ అంటే లైబ్రరీలన్నీ అదే దించుకుని వరుసలో కడుతుంది. ఏదో ఒక చోట తేడా వస్తే విప్పి చూడటం మాత్రం చేత్తో కట్టినప్పుడే తేలిక.

## కాన్ఫిగర్ ఆగిపోతే

‘సీ కంపైలర్ కెనాట్ క్రియేట్ ఎగ్జిక్యూటబుల్స్’ అంటే బిల్డ్-ఎసెన్షియల్ లేదు. ‘కెనాట్ రన్ సీ కంపైల్డ్ ప్రోగ్రామ్స్’ అని వస్తే కంపైలర్ బాగానే ఉంది, చోటే బాగాలేదు. నో-ఎగ్జెక్‌తో మౌంట్ అయిన డ్రైవ్‌లో సోర్స్ విప్పినప్పుడు ఇలా అవుతుంది. విండోస్ డీ డ్రైవ్‌లో, పెన్‌డ్రైవ్‌లో విప్పినవాళ్లకు ఇది మామూలే. హోమ్ ఫోల్డర్‌లోకి మార్చుకోండి. ‘అన్‌సేఫ్ ఆబ్సల్యూట్ వర్కింగ్ డైరెక్టరీ నేమ్’ అంటే దారిలో ఎక్కడో ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంది. ‘న్యూ ఫోల్డర్’ అన్న పేరు చాలు దీనికి.

‘రిక్వైర్డ్ లైబ్రరీస్ నాట్ ఫౌండ్’ అన్నప్పుడు ఆఖరి లైను చూసి వెనక్కి రాకండి. పైన స్క్రోల్ చేస్తే ఏ లైబ్రరీ, ఎంత వెర్షన్ కావాలో చెప్పే లైన్లు ఉంటాయి. లైబ్రరీ కట్టినా ‘లేదు’ అంటోందంటే /యూఎస్ఆర్/బిన్‌లో ఉన్న పాత కాన్ఫిగ్ స్క్రిప్ట్ అడ్డం పడుతోందన్నమాట. --విత్-లిబ్‌జీక్రిప్ట్-ప్రిఫిక్స్=/ఆప్ట్/గ్నూపీజీ లాంటి ఆప్షన్‌తో చోటు నేరుగా చూపండి. ప్రతి లైబ్రరీకీ ఇలాంటిదొకటి ఉంది.

లిబ్‌అసువాన్ దగ్గర ‘వాంట్=2 గాట్=3’ అని కనిపిస్తే మీ లైబ్రరీ పాతది కాదు, మరీ కొత్తది. 2.4 వరుసలో ముందొచ్చిన విడుదలలు లిబ్‌అసువాన్ 2 ఏపీఐనే అడుగుతాయి. లిబ్‌అసువాన్ 2.5 వరుస కట్టండి, లేదా గ్నూపీజీనే అదే వరుసలో ఆఖరి విడుదలకు మార్చండి.

ఇంకా అంతు చిక్కకపోతే కాన్ఫిగ్ డాట్ లాగ్ తెరవండి. చాలామంది చివరి నుంచి చదివి విసిగిపోతారు. చివర ఉండేవి వేరియబుల్స్ పట్టికలు మాత్రమే. ‘క్యాష్ వేరియబుల్స్’ అన్న శీర్షిక వెతికి అక్కడి నుంచి పైకి వెళ్తే, విఫలమైన చిన్న సీ ప్రోగ్రామ్, దాని మీద కంపైలర్ చెప్పిన అసలు మాట దొరుకుతాయి. లైబ్రరీ మార్చాక మేక్ డిస్ట్‌క్లీన్ చేసి కాన్ఫిగర్ మళ్లీ మొదలుపెట్టండి.

టార్‌బాల్ బదులు గిట్ నుంచి తెచ్చుకుంటే ఆటోకాన్ఫ్, ఆటోమేక్, గెట్‌టెక్స్ట్ కావాలి, ఆటోజెన్ స్క్రిప్ట్ ముందు నడపాలి. డాక్యుమెంట్ల బొమ్మల దగ్గర ఫిగ్2డెవ్ లేదని ఆగితే --డిజేబుల్-డాక్ ఇవ్వండి. వాడకానికైతే టార్‌బాలే మేలు.

## కాన్ఫిగర్ ‘ఓకే’ అన్నా ఆ పట్టిక చదవండి

ఇది దాటేసినవాళ్లు తర్వాత పూట పూటంతా పోగొట్టుకుంటారు. కాన్ఫిగర్ చివర్లో ఒక పట్టిక వస్తుంది. తప్పనిసరి కాని లైబ్రరీ లేకపోతే గ్నూపీజీ ఆగదు. ఆ సౌకర్యాన్ని గుట్టుగా వదిలేసి ముందుకు పోతుంది, సంగతి ఈ పట్టికలో ఒక ‘నో’గా మాత్రమే కనిపిస్తుంది.

‘టీఎల్ఎస్ సపోర్ట్’ ఎదురుగా గ్నూటీఎల్ఎస్ అని ఉండాలి. ‘నో’ అంటే పబ్లిక్ కీస్ పంచే కీసర్వర్లతో ఎన్‌క్రిప్టెడ్ సంబంధం కుదరదు. లిబ్‌గ్నూటీఎల్ఎస్28-డెవ్ పెట్టండి. ‘టోఫు’ (తొలిసారి చూసిన కీని నమ్మే పద్ధతి), ‘కీబాక్స్‌డీ’ (పబ్లిక్ కీస్‌ను దాచే ప్రోగ్రామ్) ఎదురుగా ‘నో’ ఉంటే లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్ లేదు. యూఎస్‌బీ టోకెన్ వాడేవాళ్లకు లిబ్‌యూఎస్‌బీ-1.0-0-డెవ్ కావాలి. కుదింపు లైబ్రరీల కోసం జెడ్‌లిబ్1జీ-డెవ్, లిబ్‌బీజెడ్2-డెవ్ మరవకండి. కట్టడం అయ్యాక జీపీజీ --వెర్షన్ ఇచ్చే జవాబులో ‘కంప్రెషన్’ లైనులో జిప్, జెడ్‌లిబ్, బీజిప్2 మూడూ ఉండాలి. ఒకటి తగ్గినా, అవతలివాళ్లు ఆ పద్ధతిలో కుదించి పంపిన సందేశం మీ దగ్గర విప్పుకోదు, ఆ తప్పు మీ కీ మీదకు పోతుంది.

మేక్ తర్వాత మేక్ చెక్ కూడా చేయండి. అన్నీ ఒకేసారి ఫెయిలైతే సోర్స్ ఫోల్డర్ దారి ఎంత పొడవుందో చూడండి. లినక్స్‌లో ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే యూనిక్స్ సాకెట్ పేరుకు 108 బైట్లే హద్దు. ఫోల్డర్‌లో ఫోల్డర్‌గా ఏడెనిమిది లోతుల్లో కడితే పరీక్షల్లో నడిచే ఏజెంట్‌కి (రహస్య కీస్‌ను చూసుకునే ప్రోగ్రామ్) సాకెట్ పెట్టుకునే చోటే ఉండదు. లిబ్‌జీక్రిప్ట్‌కి -మార్చ్=నేటివ్ ఇవ్వకండి. ప్రాసెసర్ సత్తాను అది నడిచేటప్పుడే కనిపెట్టుకుంటుంది. ఆ ఫ్లాగ్‌తో వేగం పెద్దగా పెరగదు, ఆ బిల్డ్‌ను ఇంకో పాత మెషీన్‌కి కాపీ చేస్తే మాత్రం ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’తో పడిపోతుంది.

## నడుస్తున్నది ఏది? నాలుగు ప్రశ్నలు

ఇన్‌స్టాల్ తర్వాత ఏ సమస్య వచ్చినా వెబ్‌లో ఎర్రర్ వెతకబోయే ముందు ఈ నాలుగూ తేల్చుకోండి.

ఒకటి, ఏ బైనరీ? టైప్ -ఏ జీపీజీ కొట్టండి. బాష్ ఒకసారి కనుక్కున్న దారిని గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, ఆ తర్వాత పాత్ మార్చకపోతే కొత్తది వచ్చినట్టు తెలియక /యూఎస్ఆర్/బిన్‌లోదే నడుపుతూ ఉండొచ్చు. హ్యాష్ -ఆర్ అంటే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. పాత్ వేరియబుల్‌ను బాష్‌ఆర్‌సీలో కాక డాట్ ప్రొఫైల్‌లో పెట్టండి, లేకపోతే మెనూ నుంచి తెరిచే ప్రోగ్రాములకు అది అందదు.

రెండు, ఏ లైబ్రరీ? ఎల్‌డీడీ /ఆప్ట్/గ్నూపీజీ/బిన్/జీపీజీ. లిబ్‌జీక్రిప్ట్, లిబ్‌జీపీజీ-ఎర్రర్ రెండూ /ఆప్ట్ నుంచే రావాలి. ‘లిబ్‌జీక్రిప్ట్ ఈజ్ టూ ఓల్డ్’ అనో ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అంటూ జీపీజీఆర్‌టీతో మొదలయ్యే పేరో కనిపిస్తే, కట్టింది కొత్త లైబ్రరీతో, నడుస్తున్నది పాతదానితో. ఆర్‌పాత్ మరిచిన ప్యాకేజీని మళ్లీ కట్టండి. ఎల్‌డీ-లైబ్రరీ-పాత్ వేరియబుల్ ఎక్కడైనా పెట్టి ఉంటే తీసేయండి, అది రన్‌పాత్‌ను తోసిరాజంటుంది.

మూడు, ఏ ఏజెంట్?

జీపీజీ-కనెక్ట్-ఏజెంట్ 'గెట్‌ఇన్ఫో వెర్షన్' /బై

జవాబుగా వచ్చే నంబరు, జీపీజీ --వెర్షన్ చూపే నంబరు ఒకటే కావాలి.

నాలుగు, ఏ హోమ్? జీపీజీకాన్ఫ్ --లిస్ట్-డిర్స్ చూడండి. హోమ్‌డిర్, బిన్‌డిర్, సాకెట్‌డిర్ అన్నీ ఒక్కచోట కనిపిస్తాయి.

## చంపినా లేచే పాత ఏజెంట్

‘ఓల్డర్ దేన్ అజ్’ హెచ్చరిక కింద గ్నూపీజీయే ఉపాయం చెబుతుంది, జీపీజీకాన్ఫ్ --కిల్ ఆల్ చేయమని. చేస్తారు. మళ్లీ అదే హెచ్చరిక. ఇంకోసారి చేస్తారు, మళ్లీ అదే. ఇది ఎందుకవుతుందో తెలిస్తే విసుగు తగ్గుతుంది.

జీపీజీ రహస్య కీని తాను ముట్టుకోదు. సంతకం, డీక్రిప్షన్ లాంటి పనుల కోసం ఏజెంట్‌ను ఒక సాకెట్ ద్వారా అడుగుతుంది. మీ యూజర్ నంబరు 1000 అయితే ఆ సాకెట్ /రన్/యూజర్/1000/గ్నూపీజీ అనే డైరెక్టరీలో ఉంటుంది. కొత్త జీపీజీని /ఆప్ట్‌లో పెట్టినా సరే, హోమ్ అదే కాబట్టి సాకెట్ కూడా అదే. ఆ సాకెట్ దగ్గర కాపలా కాసేది ఏజెంట్ కూడా కాదు, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ. డెబియన్, ఉబుంటు ప్యాకేజీలు యూజర్ సెషన్ కోసం సాకెట్ యూనిట్లు పెడుతూ వచ్చాయి. మీరు ఏజెంట్‌ను చంపుతారు. కొత్త జీపీజీ సాకెట్ తలుపు తడుతుంది. సిస్టమ్‌డీ తన యూనిట్‌లో రాసి ఉన్న /యూఎస్ఆర్/బిన్/జీపీజీ-ఏజెంట్‌ను, అంటే పాతదాన్నే, లేపి కూర్చోబెడుతుంది.

మందు ఇది:

సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ మాస్క్ --నౌ జీపీజీ-ఏజెంట్.సాకెట్ జీపీజీ-ఏజెంట్-ఎక్స్‌ట్రా.సాకెట్ జీపీజీ-ఏజెంట్-బ్రౌజర్.సాకెట్ జీపీజీ-ఏజెంట్-ఎస్ఎస్‌హెచ్.సాకెట్ జీపీజీ-ఏజెంట్.సర్వీస్ డిర్‌ఎంఎన్‌జీఆర్.సాకెట్ డిర్‌ఎంఎన్‌జీఆర్.సర్వీస్

తర్వాత ఒక్కసారి కిల్ ఆల్. ఇక జీపీజీ తన బిన్‌డిర్‌లోని ఏజెంట్‌ను తానే లేపుకుంటుంది. ఎస్ఎస్‌హెచ్ కీస్‌ను కూడా ఈ ఏజెంట్‌తో నడిపేవారు ఎనేబుల్-ఎస్ఎస్‌హెచ్-సపోర్ట్ లైను తమ జీపీజీ-ఏజెంట్ కాన్ఫ్ ఫైల్‌లో ఉందో లేదో చూసుకోండి. ఇంతకాలం ఆ పని సాకెట్ యూనిట్ చేసిపెట్టి ఉండొచ్చు.

‘ఐపీసీ కనెక్ట్ కాల్ ఫెయిల్డ్’ వేరే జబ్బు. ఎస్‌యూతో యూజర్ మారినప్పుడు, క్రాన్‌లో నడిపినప్పుడు /రన్/యూజర్ కింద మీ డైరెక్టరీయే ఉండకపోవచ్చు.

అసలు కీస్‌తో ప్రయోగాలు చేయడం కంటే, ఎంకేటెంప్ -డీతో తాత్కాలిక డైరెక్టరీ తెరిచి దాన్నే గ్నూపీజీహోమ్ వేరియబుల్‌గా పెట్టి పరీక్షించుకోవడం మంచిది. అనుమతులు 700తోనే పుడుతుంది. వేరే హోమ్‌కి వేరే సాకెట్ కాబట్టి పాత ఏజెంట్ జోక్యం కూడా ఉండదు. అక్కడ పనిచేసి మీ సొంత హోమ్‌లో పనిచేయకపోతే బిల్డ్ బాగుందని, తప్పు సెట్టింగుల్లోనో ఏజెంట్‌లోనో ఉందని తేలిపోతుంది.

## పాస్‌ఫ్రేజ్ పెట్టె రాకపోతే

గ్నూపీజీ టార్‌బాల్‌లో పిన్‌ఎంట్రీ ఉండదు. పాస్‌ఫ్రేజ్ అడిగే ఆ చిన్న పెట్టె విడి ప్యాకేజీ. మీ ఏజెంట్ దాన్ని /ఆప్ట్/గ్నూపీజీ/బిన్‌లో వెతుకుతుంది, దొరకదు, ‘నో పిన్‌ఎంట్రీ’ అంటుంది. దీన్ని కూడా సోర్స్ నుంచి కట్టాలని పట్టుబట్టకండి. క్యూటీ, నోమ్ డెవలప్‌మెంట్ ప్యాకేజీలన్నీ లాక్కొచ్చి చివరికి దక్కేది అదే పెట్టె. సిస్టమ్‌లో ఉన్నదే కొత్త ఏజెంట్‌తో చక్కగా పనిచేస్తుంది. జీపీజీ-ఏజెంట్ కాన్ఫ్ ఫైల్‌లో ఒక లైను రాయండి:

పిన్‌ఎంట్రీ-ప్రోగ్రామ్ /యూఎస్ఆర్/బిన్/పిన్‌ఎంట్రీ-నోమ్3

కేడీఈలో అయితే పిన్‌ఎంట్రీ-క్యూటీ. దారి తప్పు రాస్తే కూడా అదే ‘నో పిన్‌ఎంట్రీ’ వస్తుంది కాబట్టి ఎల్ఎస్‌తో ఫైల్ ఉందో లేదో చూసుకోండి. మార్చాక జీపీజీకాన్ఫ్ --కిల్ జీపీజీ-ఏజెంట్.

‘ఇనప్రోప్రియేట్ ఐఓసీటీఎల్ ఫర్ డివైస్’ వస్తే జీపీజీ-టీటీవై వేరియబుల్ లేదు. టీటీవై ఆదేశం ఇచ్చే జవాబును అందులో పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఇది బాష్‌ఆర్‌సీలో ఉండాల్సిన లైనే, ఎందుకంటే టెర్మినల్ టెర్మినల్‌కీ జవాబు మారుతుంది. పెట్టె వేరే టెర్మినల్‌లో తేలుతుంటే జీపీజీ-కనెక్ట్-ఏజెంట్ అప్‌డేట్‌స్టార్టప్‌టీటీవై /బై అనండి. గిట్ కమిట్‌లో ‘జీపీజీ ఫెయిల్డ్ టు సైన్ ద డేటా’ వస్తే గిట్‌ను తిట్టకండి. గిట్ కాన్ఫిగ్‌లో జీపీజీ.ప్రోగ్రామ్‌కి కొత్త జీపీజీ పూర్తి దారి ఇచ్చి, పై వేరియబుల్ కూడా సరిచూడండి.

పాస్‌ఫ్రేజ్ తెలుగు లిపిలో పెట్టుకోవద్దు. ఈ పెట్టెలో మీ తెలుగు కీబోర్డ్ లేఅవుట్ ప్రతి చోటా పనిచేస్తుందన్న భరోసా లేదు, టెర్మినల్ రకం పెట్టెలో మరీ కష్టం. యూజర్ ఐడీలో పేరు తెలుగులో ఉండటానికి అభ్యంతరం లేదు. అది యూటీఎఫ్-8లోనే నిలవ ఉంటుంది. జాబితాలో పేరు బదులు వెనక్కి వాలిన గీత, ఎక్స్, ఈ0 అంటూ అంకెల ముద్ద కనిపిస్తే కీ చెడలేదు, ఆ టెర్మినల్ లొకేల్ సీ అయి ఉంది. యూటీఎఫ్-8 లొకేల్ పెట్టండి.

## కీస్ మాయమైనట్టు అనిపిస్తే

టెర్మినల్‌లో కీస్ అన్నీ ఉన్నాయి, మెయిల్ ప్రోగ్రామ్‌లో ఒక్కటీ లేదు. 2.4.1 నుంచి ఒక మార్పు వచ్చింది. గ్నూపీజీ డైరెక్టరీ అసలు లేని చోట మొదటిసారి నడిపితే, కామన్ డాట్ కాన్ఫ్‌లో యూజ్-కీబాక్స్‌డీ అని రాసేసుకుని పబ్లిక్ కీస్‌ను ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో పెడుతుంది. మెయిల్ ప్రోగ్రామ్ పాత జీపీజీని పిలుస్తుంటే అది పాత పబ్‌రింగ్ ఫైల్‌నే చూస్తుంది, అది ఖాళీ. రెండు వెర్షన్లూ వాడక తప్పనివారు పాత పద్ధతికి రావడమే నయం. కొత్త జీపీజీతో --ఎక్స్‌పోర్ట్-ఆప్షన్స్ బ్యాకప్ ఇచ్చి పబ్లిక్ కీస్‌ను ఫైల్‌లోకి తీయండి. కామన్ డాట్ కాన్ఫ్‌లో ఆ లైను తీసేయండి. కిల్ ఆల్. తర్వాత --ఇంపోర్ట్-ఆప్షన్స్ రిస్టోర్‌తో లోపలికి తెచ్చుకోండి. రహస్య కీస్ విడి డైరెక్టరీలో ఉంటాయి, వాటి జోలికి పోనక్కర్లేదు.

ఇంకో రకం ఫిర్యాదు అవతలివాళ్లు పంపినదాని మీద వస్తుంది. మీ కీకి ఎన్‌క్రిప్ట్ చేసినది మీ డెస్క్‌టాప్‌లో తెరుచుకుంటుంది, మీ పాత లాప్‌టాప్‌లోనో వేరే ప్రోగ్రామ్‌లోనో తెరుచుకోదు. ఫైల్ మీద --లిస్ట్-ప్యాకెట్స్ నడిపితే ‘ఏఈఏడీ ఎన్‌క్రిప్టెడ్ ప్యాకెట్’ కనిపిస్తుంది. 2.3 నుంచి పుట్టిన కీస్ ఓసీబీ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని ఇష్టాల జాబితాలో ప్రకటిస్తాయి, పంపేవారి జీపీజీ దాన్ని చూసి 20వ నంబరు ప్యాకెట్ తయారుచేస్తుంది. అన్ని సాఫ్ట్‌వేర్లకూ అది తెలియదు. --ఎడిట్-కీలోకి వెళ్లి సెట్‌ప్రెఫ్‌తో ఓసీబీ లేని జాబితా ఇవ్వండి: ఏఈఎస్256 ఏఈఎస్192 ఏఈఎస్ ఎస్‌హెచ్ఏ512 ఎస్‌హెచ్ఏ384 ఎస్‌హెచ్ఏ256 జెడ్‌లిబ్ బీజిప్2 జిప్. సేవ్ చేశాక మారిన పబ్లిక్ కీని అవతలివాళ్లకు మళ్లీ పంపాలి. చాలామంది ఈ ఆఖరి పని మరిచిపోయి మార్పు పనిచేయలేదంటారు.

## కీసర్వర్, కార్డు, గడియారం

కీసర్వర్ అందకపోతే ముందు పైన చెప్పిన టీఎల్ఎస్ లైను, తర్వాత పాత డిర్‌ఎంఎన్‌జీఆర్ (కీసర్వర్లతో మాట్లాడే ప్రోగ్రామ్) నడుస్తోందేమో చూడండి. పాత సెట్టింగుల్లో ఎస్‌కేఎస్ పూల్ అనే పాత కీసర్వర్ల ఉమ్మడి చిరునామా ఉంటే తీసేయండి, అది 2021 జూన్‌లో మూతపడింది. డీఎన్ఎస్ దగ్గర ఆగుతుంటే డిర్‌ఎంఎన్‌జీఆర్ కాన్ఫ్‌లో స్టాండర్డ్-రిజాల్వర్ అని, ఐపీవీ6 సరిగా లేని కనెక్షన్‌లో డిజేబుల్-ఐపీవీ6 అని రాయండి. కీస్ డాట్ ఓపెన్‌పీజీపీ డాట్ ఓఆర్‌జీ నుంచి తెచ్చినప్పుడు ‘నో యూజర్ ఐడీ’ వస్తే మీ బిల్డ్ తప్పేమీ లేదు. ఈమెయిల్ ధ్రువీకరించని కీస్‌కు ఆ సర్వర్ పేర్లు ఇవ్వదు.

స్మార్ట్‌కార్డుకు ‘నో సచ్ డివైస్’ అంటే సిస్టమ్‌లో కార్డు రీడర్లను చూసుకునే పీసీఎస్‌సీడీ అప్పటికే రీడర్‌ను పట్టుకుని కూర్చుందేమో. గ్నూపీజీలో కార్డుల పని చూసే ఎస్‌సీడీమన్ కాన్ఫ్‌లో డిజేబుల్-సీసీఐడీ రాస్తే ఇద్దరూ ఒకే దారిలో వెళ్తారు.

విండోస్‌తో డ్యూయల్ బూట్ ఉన్నవాళ్లకు ఒక విచిత్రమైన ఎర్రర్ వస్తుంటుంది: కీ 19800 సెకన్లు భవిష్యత్తులో పుట్టిందని, ‘టైమ్ వార్ప్ ఆర్ క్లాక్ ప్రాబ్లమ్’ అని. 19800 సెకన్లంటే సరిగ్గా అయిదున్నర గంటలు. విండోస్ బోర్డు గడియారంలో భారత కాలమానం రాస్తుంది, లినక్స్ దాన్ని యూటీసీ అనుకుని ఇంకో అయిదున్నర గంటలు కలుపుతుంది. ఇంటర్నెట్ నుంచి సమయం సరిచేసుకునేలోపు మీరు కీ తయారుచేస్తే దాని పుట్టుక రేపటి లెక్కలోకి పోతుంది. ఆ సమయం దాటాక కీ దానంతటదే పనిచేస్తుంది, నంబరు అంతకంతకూ తగ్గుతూ కనిపించేదీ అందుకే. టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 తో లినక్స్‌ను విండోస్ దారికి తెచ్చుకోవచ్చు, లేదా విండోస్‌నే యూటీసీకి మార్చుకోవచ్చు. మేక్‌లో ‘క్లాక్ స్క్యూ డిటెక్టెడ్’ వచ్చినా గడియారాన్నే అనుమానించండి. సమయం సరిచేసి, మేక్ క్లీన్ చేసి మళ్లీ కట్టండి.

‘అన్‌సేఫ్ పర్మిషన్స్’ అంటే చుక్కతో మొదలయ్యే గ్నూపీజీ డైరెక్టరీకి 700, లోపలి ఫైళ్లకు 600 అనుమతులు ఇవ్వాలి. ‘అన్‌సేఫ్ ఓనర్‌షిప్’ అంటే ఎప్పుడో సుడోతో జీపీజీ నడిపారు. చోన్‌తో మీ పేరు మీదకు మార్చుకోండి. ‘యూజింగ్ ఇన్‌సెక్యూర్ మెమరీ’ అంటే రహస్యాలున్న మెమరీ స్వాప్‌లోకి పోకుండా లాక్ చేయడం కుదరలేదు. యూలిమిట్ -ఎల్ చూసి మెమ్‌లాక్ హద్దు పెంచండి. బైనరీకి సెట్‌యూఐడీ రూట్ పెట్టమనే పాత సలహా ఎక్కడైనా కనిపిస్తే పట్టించుకోకండి.

## లాగ్ తీయడం, వెనక్కి వెళ్లడం

ఇవేవీ కాకపోతే జీపీజీ-ఏజెంట్ కాన్ఫ్‌లో లాగ్-ఫైల్‌కి ఒక దారి, కింద డీబగ్ ఐపీసీ అని రాసి ఏజెంట్‌ను కిల్ చేసి తప్పును మళ్లీ రప్పించండి. జీపీజీ అడిగిన ప్రతి మాట, ఏజెంట్ ఇచ్చిన ప్రతి జవాబు వరుసగా పడతాయి. ఈఆర్ఆర్ అన్న మొదటి లైను, దానికి ముందున్న ప్రశ్న, ఆ రెండిట్లోనే జవాబు ఉంటుంది. లాగ్‌లో సున్నితమైన సమాచారం పడే వీలుంది కాబట్టి ఎవరికైనా పంపే ముందు చదవండి, పని అయ్యాక రెండు లైన్లూ, ఫైల్ కూడా తీసేయండి.

కొత్తది వద్దనుకుంటే విడి చోటు పెట్టుకున్న లాభం అప్పుడు తెలుస్తుంది. కిల్ ఆల్ చేయండి, /ఆప్ట్/గ్నూపీజీని తొలగించండి, డాట్ ప్రొఫైల్‌లో పాత్ లైను తీయండి, మాస్క్ చేసిన యూనిట్లన్నిటికీ సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ అన్‌మాస్క్ కొట్టండి. కీబాక్స్‌డీ వాడి ఉంటే, తొలగించడానికి ముందే కీస్‌ను పాత పద్ధతికి తెచ్చుకోండి. తర్వాత లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అయితే పాత గ్నూపీజీ తన సాకెట్ల దగ్గర తిరిగి కూర్చుంటుంది.